ఇంటికి వేరే మడి

పిల్లల ఆసుపత్రి వంటశాలను ఇరవై రెండేళ్ళుగా ఏలుతున్న ఆవిణ్ణి అందరూ పెద్దక్క అంటారు. సూపరింటెండెంటు కూడా అలాగే పిలుస్తాడు, కాకపోతే కాస్త భయంగా. కూరగాయలు ఏ తోట నుంచి రావాలో తేల్చేది ఆవిడే. బుట్టలో నిగనిగలాడే వంకాయల్ని చూసి మురిసిపోయే రకం కాదు. తోటకు వెళ్తుంది, చెప్పులు విప్పి మట్టిలో నడుస్తుంది, రైతు చెప్పిందంతా వింటుంది, చివర్న ఒకే ఒక్క ప్రశ్న వేస్తుంది: "మీ ఇంట్లో వండుకునేవి ఏ మడిలోవి?"

ఎంతటి మాటకారైనా అక్కడ నీళ్ళు నములుతాడు. మందు కొట్టని మడిని ఇంటికోసం విడిగా పెంచుకుని, మందు కొట్టినవి ఊరికి అమ్మేవాళ్ళు ఆవిడకు లెక్కలేనంతమంది తగిలారు. ఇంటికి వేరే మడి కనిపించిందా, ఇక ఆ తోట పేరు ఎత్తనివ్వదు.

ఈసారి వ్యవహారం పీకల మీదికి వచ్చింది. ఏళ్ళ తరబడి కూరగాయలు పంపిన రైతు వయసు మీదపడి సేద్యం మానేశాడు. సాయంత్రంలోగా కొత్త తోట పేరు చెప్పకపోతే మార్కెట్ కాంట్రాక్టరుకు సంతకం పెట్టేస్తానన్నాడు సూపరింటెండెంటు. ఆపరేషనై లేవలేని పసివాళ్ళ కంచాల్లోకి ఎవరు పండించారో తెలియని కాయలు వెళ్తాయంటేనే ఆవిడ మనసు ఒప్పుకోలేదు. పొద్దుటి నుంచి మూడు తోటలు తిరిగింది, మూడింటినీ కాదంది.

"వదినా, నువ్వు పెళ్ళిసంబంధాలు చూసుంటే ఈ ఊళ్ళో ఒక్కళ్ళకీ పెళ్ళయ్యేది కాదు," అన్నాడు వ్యాను నడుపుతున్న మరిది.

"నోరు మూసుకుని రోడ్డు చూడు."

నాలుగో తోటలో కాలు పెట్టగానే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. మట్టి మెత్తగా దిగింది. చిక్కుడాకుల మీద అక్కడక్కడా పురుగు కొరికిన చిల్లులున్నాయి, వాటిని దాచాలని ఎవరూ చూడలేదు. తోట నడిపేది ఓ నలభై ఏళ్ళ ఆడమనిషి. అడిగినదానికి జవాబు చెప్పిందే తప్ప గొప్పలకు పోలేదు. పెద్దక్క తన ప్రశ్న వేసింది.

"అదిగోండి," అంటూ ఆమె ఇంటి వెనక వల కట్టిన చిన్న మడిని చూపించింది. "మేం తినేవన్నీ అందులోవే."

పెద్దక్క మొహం మాడిపోయింది. వ్యాను వైపు తిరిగింది.

"ఏమైందక్కా?"

"మీరు తినేదొకటీ, మా పిల్లలకు పెట్టేదొకటీనా?"

"అవునక్కా," అందామె తడుముకోకుండా. "కొత్త విత్తనం గానీ, ఎరువు గానీ, ఎవరైనా మంచిదని ఇచ్చిన మందు గానీ, ముందు అందులోనే వాడతాం. ఏడాదిపాటు మేం తింటాం. మాకేం కాకపోతేనే బయటి మడుల్లోకి. అదేమిటో తెలియకుండా పరాయి బిడ్డలకు ఎలా పెడతాం?"

అరుగు మీద కూర్చున్న ఆమె మామగారు చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచేతి దాకా నల్లటి మచ్చలు.

"పోయినేడు ఓ మందు పడక నెల్లాళ్ళు గోక్కున్నానమ్మా. కోడలు ఆ మొక్కలన్నీ పీకి పారేసింది. ఈ ఇంట్లో మందులు పరీక్షించే ఎలక ఉద్యోగం నాది. జీతం మాత్రం లేదు," అని బోసినోటితో నవ్వాడు.

పెద్దక్క ఇరవై రెండేళ్ళు అదే ప్రశ్న వేసింది కానీ, వేరే మడి ఎందుకని ఏనాడూ ఎవర్నీ అడగలేదు. ముక్కూమొహం తెలియని పిల్లల కోసం ముందుగా తమ ఒంటి మీదికి తెచ్చుకునే మనుషులు ఇంత మామూలుగా, అరుగు మీద కాళ్ళూపుతూ కూర్చుని ఉంటారా! చేతులెత్తి మొక్కాలనిపించింది. మొక్కితే వాళ్ళు హడలిపోతారని ఊరుకుంది.

ఆవిడ ఫోను తీసి సూపరింటెండెంటుకు ఆ తోట పేరు చెప్పింది. ఆయన ఏదో అడగబోతే పెట్టేసింది.

"ఇప్పుడా మడిలో ఏముంది?"

"కొత్త రకం టమాటా అక్కా. ఇవాళే మొదటి కోత. కూర పొయ్యి మీదుంది."

పెద్దక్క కాళ్ళు కడుక్కుని అరుగు ఎక్కింది. "నాకూ ఓ కంచం పెట్టు."

"వద్దక్కా! అది ఇంకా మేమే తిని చూడలేదు."

"పిల్లలకు వండేది నేను. పెట్టమ్మా."

ముసలాయన పక్కకు జరిగి చోటిచ్చాడు.