మెనాషె తుమ్ము

రాజవంశాల చరిత్రను యుద్ధాలు మార్చాయంటారు. బ్రూక్లిన్‌లో యూదుల పేట బరో పార్కులోని గ్లాన్జ్ వంశ చరిత్రను మాత్రం ఒక తుమ్ము మార్చింది.

ప్రతి శనివారం పొద్దుగుంకాక, విశ్రాంతి దినాన్ని సాగనంపే వేళ, మెనాషె గ్లాన్జ్ గోపురం ఆకారంలో ఉన్న వెండి సుగంధాల భరిణెను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, దీవెన చదివి, సుగంధం పీల్చి, తుమ్ముతాడు. ఒక్కసారే. ఆ తుమ్ము కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఆ గోపురం జానెడు ఎత్తు, గోడలన్నీ జల్లెడ కన్నాలు. అందులో ఉన్నవి గురువు రెబ్బె స్వయంగా ముత్తాతకి పోసిచ్చిన లవంగాలు. వాటి మహిమ ఎగిరిపోకుండా బుల్లి తలుపుకి ముత్తాతే తీగ చుట్టేశాడు.

కొడుకులిద్దరిలో ఎవరికివ్వాలో తేలక, వాళ్లకింకా గడ్డాలు రాని రోజుల్లోనే తండ్రి గోపురాన్ని ఇద్దరి ముక్కుల కిందా పెట్టి చూశాడు. పెద్దవాడు ఫిషెల్ రాయిలా నిలబడ్డాడు. చిన్నవాడు మెనాషె తుమ్మాడు. లవంగాలు తమ మనిషిని గుర్తుపట్టాయని తండ్రి తీర్పు చెప్పాడు. బొత్తాల కొట్లో గుమాస్తాగా బతుకు గడిపిన మెనాషెకి అంతకు మించిన బిరుదు మరొకటి రాలేదు.

ఈ ఏడు పస్కా పండుగకి ఇల్లు దులుపుతుంటే ఆ తీగ కాస్తా తెగింది. భార్య ఫ్రుమెట్ గోపురాన్ని పళ్లెంలో బోర్లించింది. ఒక్క లవంగమూ రాలలేదు. గుప్పెడు తెల్లపొడి రాలింది.

"ఏమండీ, ఇది సుద్ద," అందామె, వేళ్ల మధ్య నలిపి చూసి. "గురువారం గురువారం వెండి తోమే సుద్ద. మీ నానమ్మ నాటి నుంచీ కన్నాల్లోంచి లోపలికి పోతోంది."

"మరి లవంగాలు?"

"ఎప్పుడో దుమ్మైపోయుంటాయి. మీరు తుమ్మేది దీనికి."

మెనాషె కుర్చీ అనుకుని ఉతకడానికి తీసిన తెరల గుట్ట మీద కూలబడ్డాడు. ఓ పట్టాన లేవలేకపోయాడు. ఇన్నేళ్లూ సుద్ద మీద దీవెన చదివాడు. అది దేవుడితో వ్యవహారం, పండితుణ్ణి అడిగితే దారి చెబుతాడు. రెండోది అన్నతో వ్యవహారం. సుద్దకి తుమ్మి అన్న సొత్తు కొట్టేశాడు. దానికి దారి చెప్పే పండితుడు బరో పార్కులో లేడు.

గోపురాన్ని తువ్వాల్లో చుట్టుకుని ఫిషెల్ ఇంటికి వెళ్లాడు. పండుగ కోసం ఫ్రిజ్ అరలకి అల్యూమినియం రేకు పరుస్తున్న అన్న ముందు దాన్ని పెట్టి, తడబడుతూ జరిగిందంతా చెప్పాడు. ఇది నీదే అన్నయ్యా అన్నాడు.

ఫిషెల్ రేకు చింపుతూనే విన్నాడు.

"నాకూ తుమ్మొచ్చిందిరా ఆవేళ. ఆపుకున్నాను."

మెనాషె అన్న చేతిలోని రేకు పట్టుకుని ఆపాడు. ఎందుకాపుకున్నావని అడిగాడు.

"ఆ కన్నాలన్నీ అమ్మ నాచేత పుల్లతో తోమించేది. ఆ సుద్దలో సగం నేను కూరిందే. ఆ చాకిరీ జన్మంతా నా వెంటే వస్తుందనేసరికి, తుమ్ము దానంతటదే ఆగింది." గోపురాన్ని తమ్ముడి చేతిలో పెట్టాడు. "మీ వదిన చూడకముందే పట్టుకుపో. తోమాల్సొస్తుందని తెలిస్తే ఇద్దర్నీ గెంటేస్తుంది."

ఆ శనివారం గోపురంలో వీధి చివరి కిరాణా కొట్టు లవంగాలు పోశారు. మెనాషె దీవెన చదివి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది.

లవంగాల వాసన వచ్చింది.