ఒంటికన్నుది వద్దట!

మా వీధి చివర కుందేళ్లు పెంచే ఆయన, ఈసారి కూడా చెనక్కాయ పంట ఎండిపోవడంతో, బోనుకు తాళం వేసి పెళ్లాం పిల్లలతో బెంగళూరుకు కూలికి వెళ్లిపోయాడు. నాలుగు రోజులకు నేను తాళం పగలగొట్టి చూస్తే రెండే బతికి ఉన్నాయి. ఒకటి తెల్లది. మరొకటి మట్టిరంగుది, దానికి ఒక కన్ను పోయింది. రెండింటినీ ఇంటికి తెచ్చి, గడ్డిపోచ దొరకని ఈ కరువులో కూరగాయల తొక్కలు వేసి బతికించాను. బాగా చూసుకునేవాళ్లుంటే ఇస్తానని నలుగురికీ చెప్పాను.

ఈ రోజు పావగడ బజారులో కిరాణా అంగడి నడిపే దంపతులు వచ్చారు. ఆమె తెల్లదాన్ని ఒడిలోకి తీసుకుని తెగ ముద్దు చేసింది.

"ఇదొక్కటి చాలక్కా. ఆ ఒంటికన్నుది మాకొద్దు. ఇంటికొచ్చినోళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

"అది పక్కన లేకపోతే ఇది మేత ముట్టదమ్మా. రెండూ తీసుకపోండి," అన్నాను.

ఆమె భర్త నవ్వాడు. "అయితే దాన్ని కూర చేసుకోక్కా. మసాలా మా అంగట్లోది పంపిస్తాలే."

ఆమె ఒడిలోంచి తెల్లదాన్ని తీసుకుని ఒంటికన్నుదాని పక్కన వదిలాను.

"ఇంక పోయి రాండి," అన్నాను.

"కుందేలుకోసరం ఇంత కోపమేందక్కా!" అంటూ ఆమె లేచింది. గడప దాటుతూ చీర చూసుకుంది. దానికి అంటుకున్న తెల్లటి వెంట్రుకలను "థూ, అసయ్యం" అని దులుపుకుంది.

ఇంతసేపూ ఆమె ముద్దు చేసింది ఆ తెలుపునే కదా! ఇట్లాంటివాళ్లకు మీరైతే ఇచ్చేవారా?