సిస్టరమ్మ మెడబట్ట

కొంటా అనే మా ఊరి బజారులో మా బట్టల కొట్టు పక్కనే అన్నపూర్ణమ్మ కుట్టు మిషను. అడవి పల్లెల నుంచి వచ్చే దొర్లా ఆడవాళ్లతో వాళ్ల దొర్లీలో, లారీవాళ్ల భార్యలతో హిందీలో బేరమాడుతుంది. ఏ భాషలోనైనా ఆమెదే పైచేయి. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమెతో నాకు రోజూ గొడవే, ఒక్క రోజు రాకపోతే మాత్రం తోచదు.

ఊరి చివర కాన్వెంటులో ఉండే సిస్టర్ ఫిలోమినా ఒకనాడు పాత గుడ్డ ఒకటి పట్టుకొచ్చింది. ఇప్పుడక్కడ అందరూ చీరలే కడతారు గానీ, ఆమె సన్యాసం పుచ్చుకున్న రోజుల్లో పొడుగాటి తెల్ల అంగీ మీద, గొంతు నుంచి రొమ్ము దాకా కప్పే మెడబట్ట ఉండేది. అది చిరిగి పీలికలైంది.

"ఇలాంటిదే కొత్తది కుట్టు తల్లీ. నన్ను మట్టిలో పెట్టేటప్పుడు మెడకి ఇదుండాలి," అంది.

అన్నపూర్ణమ్మ మిషను ఆపేసింది. పోయినవాళ్లకు కప్పే బట్టకు మా ఇళ్లలో సూది తగలనివ్వరు. అలాంటిది బతికున్న మనిషికి ముందే కుట్టడమా?

"గట్ల అంటరేంది సిస్టరమ్మా! నా చేతుల్తోని ఆ పని కాదు."

ముసలామె గుడ్డ మడిచి పట్టుకుని వెళ్లిపోయింది. ఒకప్పుడు శబరి నది పొంగి దారులు మూసుకుపోయిన రోజు అన్నపూర్ణమ్మకు పురుడు పోసింది ఆమే. మెడబట్ట కుట్టనన్న వారానికే సిస్టర్ మంచం పట్టిందని తెలిసింది. అన్నపూర్ణమ్మ కుడుతున్న జాకెట్టు పక్కన పడేసింది. టేపు తీసుకుని కాన్వెంటుకు బయల్దేరింది, వెంట నేనూ వెళ్లాను.

"కుడత. కానీ పోయేనాటికి కాదు. వచ్చే ఆదివారం చర్చికి కట్టుకొని నడవాలె. సరే అంటేనే కత్తెర పెడత."

"లేవలేకపోతున్నానమ్మా."

"బట్ట అయ్యేలోపు లేవుండ్రి. నా పని నేను చేస్త, మీ పని మీరు చెయ్యుండ్రి."

చావుబతుకుల్లో ఉన్న మనిషితో ఇదేం పంతమని నాకు ఒళ్లు మండింది. జన్మంతా జాకెట్లకు మెడలు లోతుగా కోసిన చెయ్యి, మొదటిసారి మెడ మూసేలా కుట్టింది. గంజి ఎక్కువై అట్టలా నిలబడి సిస్టర్ గడ్డం గీరుకుంటే ఇద్దరూ ఒకటే నవ్వు. గంజి వదిలేలా ఉతికి, మెడ దగ్గర విప్పి మళ్లీ కుట్టింది. ఆదివారం సిస్టర్ అన్నపూర్ణమ్మ భుజం పట్టుకుని చర్చికి నడిచింది. చూసి ఏడ్చేశాను. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అదే కట్టింది. దాని మీద పులుసు మరకలు కూడా పడ్డాయి.

వానలు మొదలవకముందే ఆమె పోయింది. శుభ్రంగా ఉంటుంది, కొత్తది కుట్టమని చిన్న సిస్టర్లు బతిమాలినా అన్నపూర్ణమ్మ ఒప్పుకోలేదు. పాతదే ఉతికి, పలచగా గంజి పెట్టి, తనే ఆమె మెడకు కట్టింది. వెనక ముడి బిగించబోయిన నా చేతిని పట్టుకుంది.

"వదులుగ ఉండనీ అక్కా. బిగిస్తే ఆమెకు ఊపిరాడదు."