గ్లోరీ గీసిన సుద్దగీత

శాంతికుమార్ కొట్లో ఒక పద్ధతుండేది. పాత రౌటర్ ఏదైనా సరే, దాని కడుపులో ఉన్నదంతా తుడిచేశాకే నెత్తిన సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీసేవాడు. గీత లేని పెట్టె కొట్టు గుమ్మం దాటేది కాదు.

"ఎవడో వాడుకున్న పెట్టిది. ఆడి ఊరి సంగతులన్నీ ఇందులో ఉంటాయి. తుడవకుండా ఇంకోడికి అమ్మితే, మాసిన పక్కబట్టలు ఉతక్కుండా సుట్టాలకి ఏసినట్టే" అనేవాడు.

బొబ్బిలిలో చర్చి వీధి చివర, ఇంటి ముందు గదే ఆ కొట్టు. విశాఖపట్నంలో పెద్ద ఆఫీసులు పక్కన పడేసిన రౌటర్లు తెచ్చి, బాగుచేసి, చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటర్నెట్టు ఇచ్చే కేబుల్ వాళ్ళకి అమ్మేవాడు. ఏడో తరగతితో చదువాపేసిన అతని భార్య గ్లోరీ పెళ్ళయిన కొత్తలో రంగుల బ్రష్షుతో వాటి దుమ్ము దులిపేది. తర్వాత మరలు విప్పడం నేర్చుకుంది. ఆ తర్వాత నీలం తీగ తగిలించి, లాప్‌టాప్‌లో రెండు మాటలు కొట్టి, పెట్టెని తుడవడం కూడా నేర్చుకుంది. వంటింట్లోంచి పసుపు చేతులతో వచ్చేసేది. శాంతికుమార్ తలెత్తకుండానే "ఎవులది? సేతులు కడుక్కుని రా" అనేవాడు. రోజూ అదే మాట. ఎవరో తెలిసే అనేవాడు.

ఆ కొట్టుకి ఇంకో పనుంది. ఇంటర్నెట్టులో ఒక్కో కేబుల్ ఆఫీసుకీ కొన్ని నంబర్లుంటాయి, మనకి ఇంటి నంబర్లున్నట్టు. ఫలానా నంబర్లకి వెళ్ళే దారి ఫలానా వాళ్ళ మీదుగానే అని, ఆ నంబర్లు పంచే రిజిస్ట్రీలో రాయించి ఉంచుకోవాలి. ఆ రాతకి గడువుంటుంది, తీరేలోపు మళ్ళీ రాయాలి. చుట్టుపక్కల చిన్న ఆఫీసుల వాళ్ళందరికీ ఆ రికార్డులు చూసిపెట్టేది శాంతికుమారే. వాటిలో పెద్దది గజపతినగరం త్రినాథ్‌ది.

మొన్న వేసవిలో గుండె పట్టుకుని కుర్చీలో కూర్చున్న శాంతికుమార్ మళ్ళీ లేవలేదు.

దినాలయ్యాక అత్త ఎలీసమ్మ కొట్టు గుమ్మంలో చతికిలబడింది. "ఆడే పోయేక ఈ ఇనప సామానెందుకే? పాత సామాన్లోడికి ఏసీ. గది అద్దెకిచ్చీ."

"ఇది ఇనుం కాదత్తా."

"మరి బంగారమేటి? పెడితే వండుకోడానికి లేదు, కట్టుకోడానికి లేదు. నువ్వేటి సదివేవని ఇయన్నీ సూస్తావు?"

"సదవలేదు. సూసేను" అంది గ్లోరీ.

ఎలీసమ్మ కొడుకుని కన్న మనిషి. ఆ గది తలుపు తీసి ఉంటే ఆమెకి అన్నం దిగదు. మూసి ఉంటే గ్లోరీకి దిగదు. ఒకే ఇంట్లో ఇద్దరాడవాళ్ళు ఒక్కడి కోసమే ఏడుస్తూ చెరో పక్కకి లాగారు. ఆఖరికి "పండగెళ్ళేదాకా సూస్తాను. అప్పటికీ ఒక్కడైనా ఈ కొట్టు మెట్టెక్కకపోతే బండి నేనే పిలుస్తాను" అని తేల్చేసింది ఎలీసమ్మ. పండగంటే ఆమె లెక్కలో క్రిస్మస్సు.

గ్లోరీ ముందు రికార్డుల పని పట్టుకుంది. రిజిస్ట్రీ వాళ్ళు మరణ ధ్రువపత్రం పంపమన్నారు, పంపింది. పెళ్ళి రుజువు అడిగారు, పాస్టరుగారి సంతకంతో పంపింది. ఇంకేదో అడిగారు, అదీ పంపింది. విసుగు వాళ్ళకే ముందొచ్చిందేమో, ఆ ఖాతా ఆమె పేరు మీదకి మార్చారు. ఒక్కొక్కరి గడువూ చూసుకుని ఒక్కొక్కరి రికార్డూ మళ్ళీ రాసింది. త్రినాథ్ మాత్రం ఆపాడు.

"ఆగు వదినా. విశాఖపట్నంలో పెద్ద కంపెనీవోళ్ళు సూస్తామంటన్నారు. అన్న ఉంటే వేరు. నీ మీద కోపం కాదు."

మిగతా వాళ్ళంతా త్రినాథ్ వైపే చూస్తున్నారు. అతనెటు వెళ్తే వాళ్ళూ అటే. అతను వెళ్ళిపోతే కొట్టుకి మిగిలేది తాళమే. అది గ్లోరీకి తెలుసు. అతని గడువు కళ్ళముందే తీరిపోయింది. అడగకుండా రాయడం పద్ధతి కాదు, రాయలేదు.

అట్లతద్ది వెళ్ళాక ఒక పొద్దున్న కోటబొమ్మాళి నించి జోగయ్య వచ్చాడు. పెద్దాయన, పంచె, భుజాన తువ్వాలు, చేతిలో స్మార్ట్‌ఫోన్. అక్కడ కేబుల్ ఆయనదే. పిడుగు పడి రౌటర్ మాడిపోయింది. అలాంటిదే కావాలన్నాడు. గుమ్మంలో ఎలీసమ్మ చెవులు రిక్కించింది.

అలాంటిది కొట్లో ఒక్కటే ఉంది. అమ్మకానికి పెట్టినది కాదు. శాంతికుమార్ బల్ల మీద పెట్టుకుని, ఎవరి ఊరి నంబర్లు, అమరికలైనా ముందు దానిలో వేసి చూసుకునే పెట్టె.

"మధ్యాన్నానికి సర్ది ఉంచుతాను బావూ, టీ తాగి రండి" అంది గ్లోరీ.

నీలం తీగ తగిలించి తుడవడానికి కూర్చుంది. పెట్టె లేచింది. తెర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో, మన మాటే వచ్చింది.

ఎవులది? సేతులు కడుక్కుని రా.

ఎప్పుడు రాసిపెట్టాడో. ఆమె ఆ పెట్టె జోలికి ఎన్నడూ పోలేదు, అది అతని పెట్టె. గ్లోరీ చేతులు చూసుకుంది. చెరిపే మాట కొట్టబోయి ఆగిపోయింది. జోగయ్య మెట్లెక్కుతున్న చప్పుడైంది. తీగ పీకేసింది. సుద్దముక్క తీసి పెట్టె నెత్తిన గీత గీసేసింది.

శాంతికుమార్ పోయాక కొట్లో అదే మొదటి బేరం. ఆ సాయంత్రం ఎలీసమ్మ కోడలికి చేప ముక్క ఒకటి ఎక్కువేసింది.

తర్వాతి వారంలో ఫోన్ మోగింది. త్రినాథ్.

"వదినా! ఊరూరంతా నా గుమ్మంలోనే ఉన్నాది! సగం పేజీలు తెరుసుకుంటన్నాయి, సగం తెరుసుకోటం లేదు. బ్యాంకోళ్ళు తిడతన్నారు. మీసేవలో కూసున్న ముసిలోళ్ళు తిడతన్నారు. మా ఆవిడైతే సీరియల్ ఆగిపోయిందని అన్నమే ఎట్టనంది!"

"నీ పెట్టెకేటైనా అయ్యిందా?"

"అదా? పెళ్ళిపందిరి దీపాల్లాగ మిలమిల్లాడతన్నాది. రోగం దానికి కాదు."

ఎవరి నంబర్లకి దారి ఎటు నించి ఉందో చూపించే పేజీ ఒకటుంది. శాంతికుమార్ రోజూ పేపరు కన్నా ముందు అదే చూసేవాడు. గ్లోరీ తెరిచింది. త్రినాథ్ నంబర్లు రెండు చోట్ల కనిపిస్తున్నాయి. ఒకటి గజపతినగరం. ఇంకొకటి కోటబొమ్మాళి.

బల్ల మీది పెట్టె. ఎప్పుడో త్రినాథ్ అమరికలు దానిలో వేసి చూసుంటాడు శాంతికుమార్. తుడవని ఆ పెట్టె ఇప్పుడు జోగయ్య ఇంట్లో కూర్చుని, గజపతినగరం నంబర్లు నా దగ్గరే ఉన్నాయని లోకానికి చెప్తోంది. నమ్మిన వాళ్ళు అటు వెళ్తున్నారు, అక్కడ ఏమీ లేదు.

"ఏటి వదినా, మాటాడవు?"

కోటబొమ్మాళిలో ఎవరో పొరపాటు చేశారు అంటే సరిపోను. అబద్ధమూ కాదు. నీ రికార్డు గడువు తీరిపోవడం వల్లే అన్నా అబద్ధం కాదు. రాత బతికుంటే దొంగదారిని పైనుంచి నెట్టు ఇచ్చేవాళ్ళు మధ్యలోనే ఆపేసేవాళ్ళు. గుమ్మంలో ఎలీసమ్మ నిలబడి చూస్తోంది.

"తప్పు నాది త్రినాథూ. జోగయ్యగారికి అమ్మిన పెట్టె నేను తుడవలేదు. నీ నంబర్లు దానిలో ఉండిపోయాయి."

"తుడవకుండా అమ్మేవా? అన్న కొట్లోనా?" అన్నాడు.

తిట్టినా అంత తగిలేది కాదు.

"ముందు నీ ఊరు లేవాలి. అప్పటిదాకా తిట్లు ఆపు."

"బాగయ్యేక తిడతాను."

"అప్పుడు తిట్టు."

జోగయ్యకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. సంగతి విని ఆయన కంగారుపడ్డాడు. బయటికెళ్ళే తీగ పీకమంటే పీకేశాడు.

"తెర మీద పాత మాటొకటి వచ్చుంటాది కదా బావూ. పెట్టె తుడవలేదని మీకు తెలీలేదా?"

"వచ్చింది తల్లీ. మా వోడు తుడిసేద్దాం అన్నాడు, నేనే వద్దన్నాను. పోయినాయన మాట నా ఇంట్లో నా సేత్తో ఎలా సెరపను? మీరు కావాలనే ఉంచేరేమో అనుకుని, మా అమరికలు దాని మీదే ఏయించేను. నిజం సెప్తన్నాను, తొలిరోజు అది సూసి నేను నూతికాడికెల్లి సేతులు కడుక్కునే వచ్చేను."

ఎలీసమ్మ గుమ్మం పట్టుకుంది. "ఏటే? ఏటి మాట?"

గ్లోరీ ఆలోచిస్తోంది. త్రినాథ్ నంబర్లున్న రెండు వరసలు మాత్రం చెరిపించి, మాట ఉంచెయ్యొచ్చు. ఎలాగో ఆమెకి తెలుసు. కానీ శాంతికుమార్ ఎన్ని ఊళ్ళ అమరికలు దానిలో వేసి చూశాడో ఆమెకి తెలీదు. ఇవాళ గజపతినగరం. రేపు రాజాం, ఎల్లుండి పార్వతీపురం. సగం తుడిచిన పెట్టె మీద గీత గీయడానికి అతను ఒప్పుకునేవాడు కాదు.

"బావూ, ఆ మాట ఓసారి సదవండి. గట్టిగా."

జోగయ్య గొంతు సవరించుకుని, బడి పిల్లాడిలాగ కూడబలుక్కుని చదివాడు. "ఎవులది. సేతులు. కడుక్కుని రా."

కొడుకే కొట్లోంచి మాట్లాడినట్టు ఎలీసమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంక మొత్తం సెరిపీండి" అంది గ్లోరీ. "నేను సెప్పినట్టు కొట్టండి. నిజంగా సెరపమంటావా అని అడుగుతాది."

"అడుగుతన్నాది తల్లీ. ఏటి సెయ్యమంటావు?"

"నొక్కీండి."

నొక్కాడు. పెట్టె ఖాళీగా లేచాక జోగయ్య అమరికలు ఒక్కో వరసా చదివి కొట్టించింది. గొంతు వణకలేదు. వణికితే ఆయన తప్పు కొడతాడు.

అది అయ్యాక త్రినాథ్‌కి తనే ఫోన్ చేసింది.

"వచ్చీసింది వదినా" అన్నాడు ముభావంగా.

"ఈ పెట్టె వల్ల ఇంక ఇబ్బంది రాదు. ఇంకెవుడైనా ఇలాంటి పని సేస్తే మళ్ళీ వస్తాది. నీకు రాత లేదు. నాతో రాయించుకుంటావో, విశాఖపట్నం వోళ్ళతో రాయించుకుంటావో నీ ఇష్టం. ఇయ్యాల మాత్రం రాయించుకో. ఇప్పుడు తిట్టు."

తిట్టకుండా పెట్టేశాడు. ఆ రోజు రాత పడిందేమోనని గ్లోరీ పేజీ తెరిచి చూస్తూనే ఉంది. పడలేదు.

మర్నాడు ఎండెక్కాక మెట్ల మీద చెప్పుల చప్పుడు. త్రినాథ్. గజపతినగరం నించి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పాత రౌటర్ ఒకటి, గోనెపట్టాలో చుట్టి ఉంది. చొక్కాకి, చేతులకి మసి.

"ఇది అమ్మిపెట్టాల" అన్నాడు. "ముందు తుడువు. నా ఎదర."

"పండక్కి ముందే ఇంకోడెక్కేడే మెట్టు" అని లోపలికి చూస్తూ గొణిగింది ఎలీసమ్మ, ఎవరికి చెప్తోందో తెలీకుండా.

గోనె విప్పబోతున్న త్రినాథ్ చేతుల వంక చూసింది గ్లోరీ.

"సేతులు కడుక్కుని రా."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆ మాట ఈ కొట్లో అతనూ ఎన్నోసార్లు తిన్నదే. కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఆమె కూడా లేచి పసుపు కడుక్కుని వచ్చింది.

నీలం తీగ తగిలించి తుడిచింది. లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. తెర ఖాళీ. అతను వంగి చూశాడు, ఇంకోసారి చూశాడు, తలాడించాడు. అప్పుడు సుద్దముక్క తీసి, పెట్టె నెత్తిన నిదానంగా గీత గీసింది.

"ఒక ఏడాదికి రాయి" అన్నాడు త్రినాథ్. "ఏడాది సూస్తాను."

"సూడు" అంది గ్లోరీ, రికార్డుల పేజీ తెరుస్తూ.