యాంటెనా మీద బనియను

మా బాబాయి లిఫ్టు మెకానిక్కు. పని నుంచి రాగానే తన హామ్ రేడియో ముందు కూర్చుని, సముద్రాల అవతలి వాళ్లతో కబుర్లాడతాడు. ఆ కబుర్లకి యాంటెనా కావాలి. మా అపార్టుమెంటు అసోసియేషన్‌కేమో యాంటెనా కంటపడితే చాలు, ఒళ్లు మండిపోతుంది. డాబా మీద కడితే పీకించారు. కిటికీకి బిగిస్తే అదీ పీకించారు. బట్టలారేసుకునే తీగకి మాత్రం అభ్యంతరం లేదట, మహానుభావులు!

సరే అని బాబాయి బాల్కనీలో ఈ చివర నుంచి ఆ చివరకి రాగితీగ లాగి, అదే యాంటెనా చేసుకున్నాడు. ఎవరికీ అనుమానం రాకుండా దానిమీద తన చిల్లుల బనియను ఆరేశాడు. ఎండొచ్చినా వానొచ్చినా అది అక్కడే. ఆర్నెల్లు దర్జాగా గడిచాయి.

నిన్న సెక్రటరీ నోటీసు పట్టుకొచ్చాడు. తీగ సంగతి బయటపడిపోయిందనుకున్నాడు బాబాయి. తీరా చదివితే తీగ ఊసే లేదు. "ఆ చిల్లుల బనియనుతో బిల్డింగు పరువు పోతోంది. వెంటనే తీసేయాలి" అని ఉంది.

"ఎవడండీ ఫిర్యాదు చేసింది?" అని బాబాయి గయ్యిమన్నాడు.

సెక్రటరీ మా వంటింటి వైపు చూశాడు.

"నేనే," అంది పిన్ని లోపల్నుంచి. "పదేళ్లుగా పారేయమంటున్నా. నా మాట విన్నారా?"