రెండో కారు

ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు గనుక మీకు చెబుతున్నాను. ఇన్నేళ్లుగా నాలోనే ఉండి, వయసుతో పాటు బరువెక్కుతోంది.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో నేను సౌదీలోని దమ్మామ్‌లో డ్రైవర్‌ని. ఫ్రాంక్, డేనియల్ అనే ఇద్దరు అమెరికా ఇంజనీర్లను ఒకే కారులో పనికి తీసుకెళ్లేవాణ్ణి. సైరన్ మోగితే ముగ్గురం ఒకే మెట్ల కింద నక్కేవాళ్లం. వాళ్లిద్దరివీ వేర్వేరు పార్టీలు. అయినా ఏళ్ల తరబడి కుర్చీలు వదలని నాయకులను ఇద్దరూ కలిసే తిట్టేవారు. యుద్ధం ముగిశాక వాళ్ల దేశంలో ఎన్నికలొచ్చాయి. కారులో వాదనలు మొదలయ్యాయి. గొంతులు లేచేవి, కానీ దిగేసరికి నవ్వుకునేవారు.

అప్పుడే, అక్కడే డ్రైవర్‌గా ఉన్న నా బావమరిది మల్లేశం పని పోయింది.

"బావా, పాస్‌పోర్టుల ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తరట. నువ్వే ఏదన్న జెయ్యాలె," అని ఏడ్చాడు.

ఆ ఇద్దరూ విడిపోతే కంపెనీకి రెండో కారు, రెండో డ్రైవర్ కావాలి. ఈ ఆలోచన నాకెలా వచ్చింది? వాళ్ల వాదనలు వింటూ వింటూనే వచ్చిందా? తెలియదు. వచ్చింది.

డేనియల్ కొడుకు ఆ యుద్ధంలో సిపాయి. ఒకసారి డేనియల్ ఒక్కడే కారులో ఉన్నప్పుడు, నాకొచ్చిన కాస్త ఇంగ్లీషులో చెప్పాను: నాయకుల మాటలు నమ్మి మీ అబ్బాయి బుద్ధిలేక యుద్ధానికి పోయాడని ఫ్రాంక్ అంటున్నాడని.  డేనియల్ మర్నాటి నుంచి నా కారెక్కలేదు.

నా మాట మీద మల్లేశానికి ఆ రెండో కారు దొరికింది.

కొన్నాళ్లకు ఫ్రాంక్ దారిలో అడిగాడు. "డేనియల్ నీతో ఏమైనా అన్నాడా? నేనేం తప్పు చేశాను?"

"నాకు తెల్వదు సార్."

"ఈ పార్టీల గొడవతో మా అన్న నాతో మాట్లాడటం మానేశాడు. మమ్మల్ని విడదీసి ఆ నాయకులు గెలుస్తారు. ఈసారి ఎవరికీ ఓటు వేయను," అన్నాడు. మళ్లీ, "ఇక్కడ ఒక్క స్నేహితుడైనా మిగిలాడనుకున్నాను," అన్నాడు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. మల్లేశం పిల్లలు గుర్తొచ్చి ఆగిపోయానని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది నా ఉద్యోగం, నా పరువు. ఫ్రాంక్ పూర్తిగా వెళ్లిపోయేనాడు ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. డేనియల్ రాలేదు. ఫ్రాంక్ నాతో చేయి కలిపి, "నువ్వు మంచివాడివి," అన్నాడు.

ఆయన తిట్టిన నాయకులు పదవి కోసం చేసే పనే నేను ఒక కారు కోసం చేశాను. మల్లేశం ఇప్పటికీ నన్ను దేవుడంటాడు. ఆ ఇద్దరూ ఎక్కడున్నారో, ఉన్నారో లేరో తెలియదు. క్షమించమని ఎవరిని అడగను? మిమ్మల్నీ అడగడం లేదు. ఆ సిపాయి గురించి ఫ్రాంక్ ఏమీ అనలేదు. అన్నది నేను.