గూఢచారి నోట నేను పెట్టిన మాట

ఈ మధ్య శంషాబాద్‌లో ఏ ఆటో వెనక చూసినా ఆ గూఢచారి మొహమే. ఎన్నో భాగమో చెప్పమంటే సినిమా పిచ్చి ఉన్నవాళ్లు కూడా కాసేపు ఆలోచించాల్సినంత పాత వరస అది. హీరోకి జుట్టుకి రంగు, మెడకి మఫ్లరు, పరుగెత్తాల్సిన చోటల్లా కారు. చూసినవాళ్లందరూ పెదవి విరిచారు. నేను పెదవి విరవడానికి మాత్రం కారణం వేరే ఉంది. అది చెప్పాలంటే ముందు కొంచెం నా గొప్ప చెప్పుకోవాలి.

విమానాశ్రయం వచ్చిన కొత్తలో అక్కడి అంతర్జాతీయ సరుకుల వ్యవహారమంతా నా చేతి మీదుగా నడిచేది. జర్మనీ నుంచి వచ్చిన పెట్టె అయినా, జపాను నుంచి వచ్చినదైనా నా సంతకం పడందే గడప దాటేది కాదు. నడిచేది అంటే, నేను ఒక గోడౌన్లో రిజిస్టరు రాసేవాణ్ణి. పెట్టెల మీద ఉండే 'పగిలే వస్తువు', 'ఈ వైపు పైకి' లాంటి ముక్కలు తప్ప నాకు వచ్చిన ఇంగ్లీషు ఏమీ లేదు. బ్యాంకు ఫారాలు ఈ రోజుకీ మా ఆవిడే నింపుతుంది. కానీ కృష్ణా జిల్లా నుంచి వచ్చి శంషాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్న రోజున, మా ఓనరుతో మాత్రం మొదటి కథే చెప్పాను. తెల్లవాళ్లతో రోజూ మాట్లాడి మాట్లాడి నాలుక ఎండిపోతోందని కూడా కలిపాను. ఆయన లోపలికి వెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చారు.

మా ఓనరు మహేశ్వరం వైపు రైతు. తమ్ముడు అక్కడే ఉండిపోతే ఈయన ఇటు వచ్చి ఇల్లు కట్టుకున్నారు. ఆయనకి ఆ గూఢచారి అంటే ప్రాణం. కొత్త భాగం వచ్చిందంటే నన్ను వెంటబెట్టుకుని సిటీకి, ఇంగ్లీషు ఆటకే, బయల్దేరేవారు. తెలుగులో కూడా ఆడుతోందని ఎవరైనా అంటే, డబ్బింగులో అసలు రుచి పోతుందని నేనే అడ్డం పడేవాణ్ణి. హాల్లో ఆయన చెవి దగ్గర నా నోరు పెట్టి రెండున్నర గంటలూ అనువాదం. తెలిస్తే కదా చెప్పడానికి, అందుకని కల్పించేవాణ్ణి. పాపం ఆ గూఢచారికి ఒక ముసలి తల్లినీ, నడుం నొప్పినీ, చిన్నప్పుడే మాటిచ్చిన మేనమామ కూతుర్నీ అంటగట్టాను. బాంబులో ఏ తీగ కత్తిరించాలో ఆలోచిస్తూ అతను అమ్మ చేసే పప్పుచారు తలుచుకుంటున్నాడని చెబితే, మా ఓనరు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. ఒకసారి ముందు వరసలో కూర్చున్న అమ్మాయి వెనక్కి తిరిగి నన్ను చాలాసేపు చూసింది. నా ఇంగ్లీషుకి ముచ్చటపడిందనుకున్నాను.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. అసలు సంగతి పదేళ్ల కిందటిది. మహేశ్వరంలో ప్లాట్ల వ్యాపారం జోరు మీద ఉన్నప్పుడు, తమ్ముడు అన్నకి చెప్పకుండా బావి దగ్గరి ఉమ్మడి చెలక భూమిని ప్లాట్లవాళ్లకి రాసిచ్చేశాడు. అన్నకి మనసు విరిగింది. కొన్ని నెలలకి తమ్ముడు తన కూతురి పెళ్లి పత్రిక తెచ్చాడు. వెళ్లాలా వద్దా అని ఈయన ఊగిసలాడుతున్న ఆ వారంలోనే గూఢచారి కొత్త భాగం వచ్చింది. అందులో రైలు ప్లాట్‌ఫారం మీద మంచు పడుతుంటే, గూఢచారి తనకి ద్రోహం చేసిన తమ్ముడికి ఎదురుగా నిలబడి ఒక్క మాట అని రైలెక్కి వెళ్లిపోతాడు.

"ఏమన్నడు సారు?" అన్నారు మా ఓనరు.

నాకు వినపడింది తమ్ముడన్న ముక్క ఒక్కటే. అంత గొప్ప సీనుకి చప్పటి మాట పెట్టబుద్ధి కాలేదు. "రక్తం ఒకటే అయినా, చెప్పకుండా చేసినవాడి గడప నేను తొక్కను అంటున్నాడండీ" అన్నాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని, సినిమా అయిపోయేదాకా వదల్లేదు.

పెళ్లి రోజు పొద్దున నేను పై పోర్షన్ నుంచి దిగేసరికి ఆయన తెల్ల పంచె కట్టుకుని వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇంట్లో ఆడవాళ్లు తయారై, ఈయన లేస్తారేమోనని గుమ్మంలో నిలబడ్డారు. నన్ను చూసి అన్నారు: "వాడన్నది ఖరే మాట సారు. గసొంటోని గడప తొక్కద్దు." చీకటి హాల్లో చెప్పిన అబద్ధాన్ని ఆ వెలుతురులో ఒక్క ముక్కతో కడిగేసి ఉండొచ్చు. 'నాకు ఇంగ్లీషు రాదండీ, నేనే కల్పించాను' అంటే ఆయన లేచి వెళ్లేవారే. కానీ నా మాటని ఒక పెద్దమనిషి అంత గౌరవంగా తిరిగి చెబుతుంటే నాకు లోపల ఎంత హాయిగా ఉందో ఇప్పుడు రాయడానికే సిగ్గేస్తోంది. "గొప్ప మాటండీ" అన్నాను. ఆయన పంచె మార్చుకోవడానికి లోపలికి వెళ్లారు.

మొన్న ఈ కొత్త భాగానికి ఆరాంఘర్ దగ్గరి హాల్లో తెలుగు ఆట ఒక్కటే ఉందన్నారు. నాకు వెళ్లకుండా తప్పించుకునే సాకు దొరకలేదు. సినిమా వాళ్ల దగ్గర కొత్త కథ లేక, సగం సేపు గూఢచారి పాత భాగాలు గుర్తుచేసుకోవడమే. ఇంటర్వెల్ ముందు ఆ ప్లాట్‌ఫారం, ఆ మంచు, ఆ తమ్ముడు వచ్చారు. గూఢచారి శుభ్రమైన తెలుగులో అన్నాడు: "తమ్ముడూ, ఇంటికి వచ్చెయ్. తలుపు తీసే ఉంటుంది." ఆ తరవాత రైలెక్కాడు.

మా ఓనరు నా వైపు తిరగలేదు. బయటికొచ్చి క్యాబ్ ఎక్కాక, "సారు, గీ సీను మనం జూసినం గద. గప్పుడు మీరు వేరే చెప్పిన్రు" అన్నారు. డెబ్బై దాటిన నేను అప్పుడు కూడా, డబ్బింగువాళ్లు మాట మార్చేసి ఉంటారండీ అన్నాను. ఆయన తల ఊపారు. నమ్మారు. ఆ నమ్మడం చూశాక ఇక నా వల్ల కాలేదు. గోడౌన్ రిజిస్టరు దగ్గర మొదలుపెట్టి, ముసలి తల్లి, పప్పుచారు, అన్నీ చెప్పేశాను. డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడు.

ఆయన అన్నారు: "సిన్మాల చెప్పింది సిన్మాల పోతది. పెండ్లి పొద్దుగాల ఎందుకు చెప్పలే నువ్వు?" ఇన్నేళ్లలో ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదలు. ఆయన డ్రైవరుతో, "భయ్యా, మహేశ్వరం దిక్కు పోనియ్యి" అని, నాతో, "నువ్వే చెప్పు వానికి. నాకు నోరు రాదు" అన్నారు.

తమ్ముడు వాకిట్లోనే ఉన్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. నేను నిలబడే చెప్పాను, ఒక్క ముక్క పెంచకుండా, బహుశా నా జీవితంలో మొదటిసారి. అతను అంతా విని నన్ను వదిలేసి అన్న వైపు తిరిగాడు. "నేను తప్పు జేసిన, కాదన. పత్రిక పట్టుకొని నీ వాకిట్ల నిలబడితి. సిన్మావోని మాట ఇన్నవ్ గని, నా మాట ఇనకపోతివి గదనె అన్నా." అన్న వాకిట్లోనే నేల మీద కూర్చోబోయారు. తమ్ముడు కుర్చీలు వేయించి, చాయ్ పెట్టమని లోపలికి కేకేశాడు. నాక్కూడా ఒక గ్లాసు ఇచ్చారు.

"బిడ్డేది?" అన్నారు మా ఓనరు, ఆ పెళ్లికూతురు ఇంకా పక్క గదిలో ఉన్నట్టే. అత్తగారింట్లో ఉందనీ, దాని పెద్ద కూతురు మూడో తరగతికి వచ్చిందనీ మరదలు చెప్పింది. మూడో తరగతి, అని ఆయన మెల్లగా ఒకసారి అనుకుని గ్లాసు కింద పెట్టారు. అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చోవడానికి సాయంత్రం ఒక గంట సరిపోయింది. పెదనాన్న అక్షింతలు వెయ్యాల్సిన ఆ ఒక్క పొద్దు మాత్రం నేను దిగమింగేశాను, దాన్ని తిరిగి తెచ్చే దారి లేదు.